గురప్పని యాడ దింపినావు

దస్తగిరి బాడుగ కారు తోలేటోడు. పెండ్లాం హుసేనమ్మ ఉన్న మేకలన్నీ అమ్మేసి ఇప్పించిన కారది. సెకండ్ హ్యాండుదే అనుకో, అయినా తెల్లగా మెరిసిపోతాండె. పాత ఇనప సామాన్ల ఓబయ్య లేడూ, ఆయప్ప తావ కొన్యాడు. ఇంజను మాత్రం, వింటాండారా, ఇంజను మాత్రం గుర్రమే అంట. కనుమ ఎక్కేటప్పుడు గూడా ఆయాసమనేది లేదు. అంతా బాగుండె, ఒక్క గండ్లపల్లె కాడ తప్ప. ఏమైందంటే, కనుమ దిగినాక వచ్చే మొదటి ఊరు అది. కారు మలుపు తిరగకముందే, ఇంకా కంటికి కనపడకముందే, సుబ్బనరసమ్మని ఒకామె చేతిలో పని ఇడిసిపెట్టి రోడ్డు మీదికొచ్చి నిలబడేదంట. కారు ఆపి, లోపల కూర్చున్నోళ్ళ మొగాలన్నీ ఒక్కొక్కటే చూసి, ఆఖరికి దస్తగిరిని అడిగేదంట, "మా ఇంటాయన్ని యాడ దింపినావు నాయనా?" అని. అరిచేది లేదు, ఏడ్చేది లేదు. బస్సు టయిం అడిగినట్ల అడిగేది. ఊరోళ్ళు ఏం చెప్పిరంటే, ఆయమ్మ మొగుడు గురప్ప గూడా కారు తోలేటోడే, ఒకరోజు పొద్దున్నే ఖాళీ బండి ఏసుకోని పోయినోడు మనిషీ రాలే, బండీ రాలే, పోలీసులు ఎంత ఎతికినా దొరకలే, అప్పుట్నుంచి ఆయమ్మ తల సరిగ్గా లేదప్పా, ఏమనుకోగాకు అనిరి. సరే, తల సరిగ్గా లేకుంటే దారిన పోయే కార్లన్నీ ఆపల్ల గదా? ఆపదంట. గురప్పది పచ్చ కారు, ఇదేమో తెల్లది, నంబరు గూడా వేరే. అయినా ఈ ఒక్కదాన్నే ఆపుతాది. రోట్లో కారం దంచుతాన్యా సరే, ఆ సప్పుడు ఇనపడతానే లేసి వచ్చేస్తాది. రానురాను జనం దస్తగిరి కారెక్కేదానికే జంకిరంట.

ఇట్లుండంగా కారు ఎఫ్‌సీ, అదే బండి రోడ్డు మీద తిరగచ్చని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, గడువు అయిపాయె. బాడుగ బండికి ఎఫ్‌సీ లేకుంటే రోడ్డెక్కనీరు గదా. టౌన్లో టెస్టింగు సెంటరుకు పోయినాడు. ముందరయితే పొగ గొట్టంలో కడ్డీ పెట్టి చూసి పంపిస్తాండ్రి. ఇప్పుడు అదొక్కటే చాలదంట. స్టీరింగు కింద, మోకాళ్ళ కాడ, ఒక సాకెట్టు ఉంటాది. దాంట్లో వైరు తగిలిస్తే బండే తన పొగ సంగతీ, తన ఒంట్లో సంగతీ మిషన్‌కి చెప్పుకుంటాదంట. మనం చేయి చాపితే డాక్టరు నాడి పట్టినట్ల అనుకో. ఆడ హిమజ అని ఒక మేడం ఉండె, చిన్న పిల్లే. వైరు తగిలించె. మిషన్ పలకలే. తీసి మళ్ళా తగిలించె. పలకలే. వైరే పోయిందేమో అని పక్క కారుకు పెట్టి చూస్తే దానికి బాగానే పలుకుతాంది. దస్తగిరి కారుకు తెస్తే మళ్ళా మూగ నోమే. ఆ పిల్ల ఏమనిందంటే, "అన్నా, మీ బండి మాట్లాడ్డం లేదు. సాకెట్టుకు కరెంటు రాలేదేమో, ఎలక్ట్రీషియన్‌కి చూపించుకోని రాండి. కనెక్టు కాకుండా నేను పాసు చేయలేను" అనె.

కుళ్ళాయప్ప కాడికి పోయినాడు. మన కుళ్ళాయప్పే, బస్టాండు ఎనక వైరింగు షాపు. ఆయప్ప చూడకుండానే చెప్పేసె, "ఇంతేనా! సెల్లు చార్జింగు పెడతామే, ఆ బొక్కకీ దీనికీ ఒకటే ఫ్యూజు. అది కాలిపోయింటాది" అని. తీసి చూస్తే ఫ్యూజు బాగుండె. సరే, సాకెట్టు లోపల మట్టి చేరింటాది అని బ్రష్షుతో తుడిచె, పిన్నులు వంగినాయేమో చూసె, అన్నీ బాగుండాయి. ఇంగ లాభం లేదని స్టీరింగు కింద అట్ట ఊడదీసి లోపలికి చేయి పెట్టె. పెట్టిన చేయి అట్లే ఆగిపాయెనంట. "ఏమైంది మామా, ఎలుకలు కొరికినాయా?" అనె దస్తగిరి. "ఎలుక కొరికితే పీకులాడినట్ల ఉంటాదప్పా. ఇది కత్తెర. వైర్లు కోసి, కొసలకు టేపు చుట్టి, ఎవరికీ కనపడకుండా ఎనక్కి దోపినారు." "ఎందుకట్ల జేస్తారు?" "ఎందుకేముంది, ఈ బండి నోరు తెరవకూడదని." అని, గొంతు తగ్గించి చెప్పెనంట, "దస్తగిరీ, నా మాట ఇను. ఇది అతికించద్దు. కాలిపోయినాయని చెప్పుకుందాం, ఇంకేదన్నా దారి చూద్దాం. అంత పని పెట్టుకోని నోరు కట్టేసినారంటే ఊరికే కట్టెయ్యరు" అని. దస్తగిరి కారు పక్క చూసె. కారు తోలకుంటే ఇంట్లో పొయ్యి రాజుకోదు. "అతికించు మామా" అనె. కుళ్ళాయప్ప అతికించె. అతికించంగానే, తాళమేమో దస్తగిరి జేబులోనే ఉండాది, లోపల యాడనో టిక్కు, టిక్కు, టిక్కుమనెనంట.

మళ్ళా సెంటరుకు పోయినాడు. ఈసారి హిమజ వైరు తగిలించీ తగిలించంగానే మిషన్ గడగడా పలికె. పొగ బాగుంది, అంతా బాగుంది అంటానే ఆ పిల్ల మాట నిలబడిపాయె. దస్తగిరి ఇచ్చిన పేపర్లు చూసె, మిషన్ చూసె, మళ్ళా పేపర్లు చూసె. "అన్నా, మీ పేపర్లలో చాసిస్ నంబరు ఒకటి, బండి చెప్తాండే నంబరు ఇంకొకటి" అనె. "అంటే ఏందమ్మా?" అంటే, "ఇంజనూ, దాని కంప్యూటర్ డబ్బా వేరే బండిలోవి పీకి దీంట్లో పెట్టినారు. ఏ బండిలో పెట్టినా ఆ డబ్బా మాత్రం తన పాత నంబరే చెప్తాది" అని, ఆ నంబరు తన కంప్యూటర్లో కొట్టె. కొట్టి చదివెనంట, "ఈ బండి కనపడలేదని కేసుండాది. ఓనరు పేరు గురప్ప. ఊరు గండ్లపల్లె." చూస్తే ఆయమ్మకి పిచ్చేం లేదు. మొగుడి బండి గొంతు గుర్తుపట్టింది, అంతే. "పోలీసులకు చెప్పక తప్పదన్నా" అనె హిమజ. "చెప్పమ్మా. నేను ఓబయ్య షెడ్డు కాడ ఉంటా, ఆడికే రమ్మను" అని దస్తగిరి బయలుదేరె.

దోవ పొడుగునా ఏమనుకుంటా పోయినాడంటే, పోతానే ఓబయ్య గొంతు పట్టుకోవాల, నాకేం బండి అంటగట్టినావురా అని అడగాల, అనుకుంటా పోయినాడు. షెడ్డులో ఓబయ్య టీ తాగుతాండె. ఎదురుగా పోయి నిలబడి దస్తగిరి నోరు తెరిస్తే, ఏం మాటొచ్చిందనుకున్యారు? "గురప్పని యాడ దింపినావు?" అని వచ్చెనంట. తను అనుకున్న మాట కాదు, తన గొంతు గూడా కాదు. అరిచేది లేదు, ఏడ్చేది లేదు, బస్సు టయిం అడిగినట్ల. ఓబయ్య గ్లాసులో టీ అంతా పంచె మీద పోసుకుండె. "నేను దింపలేదప్పా" అనె. "నేనెందుకు దింపుతా? లోపలే ఉండె." ఇంగ అదుపు లేకుండా చెప్పేసె. కనుమ కింద లోయలో పాత ఇనుము ఏదన్నా దొరుకుతాదని తిరుగుతాంటే కంపల్లో పచ్చ కారు పడుండెనంట. పైనుంచి చూస్తే ఎవరికీ కనపడదు. మనిషి స్టీరింగు మీద వాలిండాడు. "ఊపిరుండెనా?" అని అడిగె దస్తగిరి. ఓబయ్య తడిసిన పంచె దులుపుకుంటాండె. "నువ్వు చూడలేదా ఓబయ్యా?" "చూడలే" అనె. "ముందర బానెట్టు ఎత్తినా."

కొంచెం నీళ్ళీమ్మా, ఈ మాట కాడికొస్తే నాకు నోరెండుకపోతాది. ముందర బానెట్టు ఎత్తినాడంట! తర్వాత ఇంజను పైకి లాగేదానికి చైన్లు, కూలోళ్ళను తీసుకపోయేముందు, లోపల మనిషి కనపడకుండా కిటికీలకు కంప కొట్టి పెట్టినాడంట. పోలీసులొచ్చి ఓబయ్యని ముందర పెట్టుకోని లోయలోకి దిగిరి. ఉండాడు గురప్ప. అప్పుడు ఊపిరుండెనా లేదా అంటే డాక్టర్లు ఏం చెప్పలేకపాయిరి, ఎముకలకు ఆ సంగతి తెలీదు గదా. సుబ్బనరసమ్మ ఆ పొద్దు ఏడ్చె. అన్నాళ్ళూ ఏడవని ఏడుపంతా ఏడ్చె. రోడ్డు మీద దస్తగిరి కారు నిలబెట్టుకోనుండారు, స్టేషనుకు తోలకపోవాలని. ఆయమ్మ ఎస్సై కాడికొచ్చి, "సార్, రవ్వంతసేపు దీంట్లో కూర్చుంటా" అనె. ఆయన సరేననె. ముందర సీట్లో కూర్చోని, "స్టార్టు చెయ్ నాయనా" అనె. దస్తగిరి చేసె. ఆయమ్మ కండ్లు మూసుకోని ఇనె. ఇని ఇని, "ఇంగ చాలు, ఆపు" అనె. దస్తగిరి తాళం తిప్పి బయటికి తీసె. తాళం చేతిలో ఉండాది. బండి ఆడతానే ఉండె. ఎస్సై వచ్చి చూసె, కానిస్టేబుళ్ళు వచ్చి చూసిరి, బండి ఆడతానే ఉండె. అప్పుడు ఆయమ్మ ఆ ముందరుండే పలక మీద చేయేసి, పిల్లోడికి చెప్పినట్ల చెప్పెనంట, "చాల్లే గురప్పా. వచ్చినావు గదా. ఇంగ ఆపు." బండి నిలబడిపాయె.

ఓబయ్య జైల్లో ఉండాడు. కారు సాక్ష్యమని పోలీసులే పెట్టుకున్యారు, ఇంగ అది రాదు. దస్తగిరి ఇప్పుడు ఒకరి కింద పాలవ్యాను తోలుతాండాడు. మేకలు పాయె, కారు పాయె అని హుసేనమ్మ తిట్టిందా అంటే, తిట్టలేదంట. "నీకే అట్లయింటే ఈ పొద్దు నేను రోడ్డు మీద నిలబడుకోని అడగతాందునే" అనిందంట, అంతే. మొన్న టౌనుకు పోయినప్పుడు కుళ్ళాయప్పని నేనే అడిగినా, తాళం తీసినాక బండెట్ల ఆడిందబ్బా అని. దానికేముంది, డీజిలు బండి, లోపలికి ఆయిల్ కారితే తాళం లేకున్యా అదే తాగి ఆడతాది, అట్ల చానా చూసినా అనె. నిజమే అయ్యుంటాది, ఆయప్పకు తెలీకుండా ఉంటాదా. సరే గానీ కుళ్ళాయప్పా, ఆ ఆయిల్ ఆడమనిషి చాలంటే ఆగిపోతాదా? అని అడిగినా. బీడీ ముట్టించుకోని, అట్లా ఇట్లా చూసి, "అదంతా నన్నడగద్దన్నా, నేను వైర్ల వరకే" అనె.