వెనుక అట్ట లోపల సత్యవేణి గారు

శ్రీమతి సత్యవేణి గారు 1988వ సంవత్సరం జూలై నాలుగవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు మన శాఖా గ్రంథాలయంలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆ ఉదయం మొదలు ఈ నెల ముప్పయ్యొకటవ తేదీ సాయంత్రం వరకు, ముప్పయ్యేడు సంవత్సరాలకు పైబడిన కాలాన్ని ఆమె పుస్తక సేవలో గడిపారని, ఆ సేవ నిరుపమానమని, ఆమె సౌమ్యమూర్తి అని రాసి ఒక్క పేజీలో ముగించవలసిందిగా ఈ పదవీ విరమణ సంచిక బాధ్యత చూస్తున్న మన ప్రసన్న నన్ను కోరింది. మొదటి రెండు మాటలూ నిర్వివాదాంశాలు. సౌమ్యమూర్తి అన్న మాట దగ్గర నా కలం ఆగిపోయింది. మూడు వారాలుగా ఆగే ఉంది. ఎందుకు ఆగిందో చెప్పకుండా ముందుకు వెళ్ళడం నా వల్ల కావడం లేదు గనుక సహోద్యోగులు, ముఖ్యంగా ఆమె కుటుంబ సభ్యులు, పెద్ద మనసుతో మన్నించాలి.

బండారులంకలో నేత కుటుంబంలో జన్మించిన సత్యవేణి గారు, బాల్యంలో తండ్రిగారు మగ్గం మీద కూర్చుంటే పక్కన కండెలు చుడుతూ, వారపత్రికల్లో వచ్చే ధారావాహిక నవలలను ఆయనకు చదివి వినిపించేవారట. కథ బాగుంటే నేత సాగుతూ ఉండేదట. బాగోకపోతే ఆయన చెయ్యి ఆపి, "ఇంక చాలమ్మా, రేపు వేరేది చూడు" అనేవారట. గ్రంథాలయ శాస్త్రంలో ఆమె సంపాదించిన పట్టా ఆ తరువాతిది. నవలలను తూచడంలో మాత్రం తొలి గురువు ఆ తండ్రిగారే.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో నవల కోసం వచ్చిన ప్రతివారూ "ఇది ఎలా ఉంటదండీ" అని అడగడం, ఆమె ఉన్నదున్నట్టు చెప్పడం, ఒకే సమాధానం రోజుకు పదిసార్లు చెప్పి గొంతు బొంగురుపోవడం జరిగాక, ఆమె ఒక పద్ధతి ప్రవేశపెట్టారు. పుస్తకం వెనుక అట్ట లోపల, తిరిగి ఇవ్వవలసిన తేదీలు ముద్రవేసే కాగితానికి ఎదురుగా, ఒక తెల్ల చీటీ అంటించి, తన అభిప్రాయం రాసి, తేదీ వేసి, పొడి సంతకం చేసేవారు. మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదవనిదే రాయకూడదని, రాసినదాన్ని కొట్టివేయకూడదని తనకు తానే నియమం విధించుకున్నారు.

ఆ అభిప్రాయాలు ఎటువంటివో కొన్ని మనవి చేస్తాను. పండితులు చేతులెత్తి మొక్కే ఒక బృహన్నవల వెనుక, "మొదటి నూరు పేజీలు వంశవృక్షం. తరువాత బాగా ఏడిపించింది. నూట ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టండి" అని ఉంది. పల్లె బతుకును కళ్ళకు కట్టిందని ప్రశంసలందుకున్న మరో నవల వెనుక, "ఈయన ఎప్పుడూ వరి కోయలేదు" అని ఒకే ఒక్క వాక్యం. ఊరంతా వంతులు వేసుకుని చదివిన ఒక ప్రేమ నవల వెనుక, "కథానాయకుడు ఇంత అందగాడైతే ఉద్యోగం ఎప్పుడు చేస్తాడు? అయినా రెండుసార్లు చదివాను. కారణం అడగవద్దు" అని రాశారు. మంత్రతంత్రాల నవల ఒకదానికి, "భయం వేయలేదు. పెరట్లోకి మాత్రం ఒక్కదాన్నే వెళ్ళలేదు" అని ఇచ్చారు. వీటిలో ఏది పొగడ్తో, ఏది తెగడ్తో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. పాఠకులకు మాత్రం ఆ బాధ లేదు. ఆమె ఎంత తిడితే ఆ నవలకు అంత గిరాకీ.

1992లో జరిగిన ఒక సంఘటన ఇప్పటికీ మన గ్రంథాలయంలో కథలుగా చెప్పుకుంటారు. అప్పటికి నేను చేరలేదు. పెద్దలు చెప్పగా విన్నదే రాస్తున్నాను. కళాశాలలో తెలుగు ఉపన్యాసకులైన శ్రీరామచంద్రమూర్తి గారు, తాము ఏళ్ళ తరబడి పాఠం చెబుతున్న నవల వెనుక సత్యవేణి గారి చీటీ చూసి అగ్గిమీద గుగ్గిలమై, పై అధికారులకు ఫిర్యాదు చేశారు. సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. ఆమె జవాబు రెండు వాక్యాలు: "నేను పూర్తిగా చదివి రాశాను. కాదనేవారు కూడా పూర్తిగా చదివి కింద రాయవలసిందిగా మనవి, చీటీలో చోటు ఉంది." మూర్తి గారు పంతం కొద్దీ ఆ పుస్తకం తీసుకువెళ్ళి, పదిహేను రోజులకు తిరిగి తెచ్చి, గొంతు తగ్గించి అన్నారట:

"ఏమండీ సత్యవేణి గారూ, పద్దెనిమిదేళ్ళ నుంచి దీన్ని పాఠం చెప్తున్నాను. చివరి డెబ్భై పేజీలూ ఇప్పుడే చదివేనండి."

"ఎలా ఉన్నాయండీ?"

"మీరు కొంచెం దయతోనే రాసేరు."

ఆ మరునాడే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. ఆ తరువాత 1998లో ఆమె మలికిపురానికి, అక్కడి నుంచి కె.గంగవరానికి బదిలీపై వెళ్ళి, రెండు చోట్లా ఇదే పద్ధతి నెలకొల్పి, 2004లో తిరిగి మన వద్దకు వచ్చారు. కొబ్బరి దింపు పనుల వారు మొదలు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల వరకు, పుస్తకాన్ని వెనుక నుంచి తెరిచి చూసే అలవాటు ఈ మూడు ఊళ్ళవారికీ ఆమె వల్లనే అబ్బింది.

ఇక్కడ నా గోడు కొంత చెప్పుకోక తప్పదు. అభినందన వ్యాసంలో రాసేవాడు తన సొంత పురాణం విప్పడం మర్యాద కాదని తెలుసు, కానీ మింగలేక కక్కలేక ఉన్నాను. నేను 1994లో రికార్డు అసిస్టెంటుగా చేరాను. 1996లో, మారుపేరుతో, 'ఎర్రవంతెన మీద ఎనిమిది రోజులు' అనే నవల అచ్చు వేయించాను. ఇల్లు విడిచి వెళ్ళి వంతెన మీద కూర్చున్న ఒక తండ్రి, ఆయనను రమ్మని పిలవడానికి నోరు రాని ఒక కొడుకు, అదీ కథ. ఒక ప్రతిని దాత పేరు లేకుండా నేనే మన గ్రంథాలయపు నమోదు పుస్తకంలో ఎక్కించి, నేనే అరలో పెట్టి, ఆమె అభిప్రాయం కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాను. 1997 ఫిబ్రవరిలో చీటీ పడింది. "సంభాషణలు ఉపన్యాసాల్లా ఉన్నాయి. కొడుకు వట్టి మొద్దు. రచయితకు ఈ మాట ముందే ఎవరైనా చెప్పవలసింది."

అప్పటికి రెండో నవల నూట పన్నెండు పుటలు రాసి ఉన్నాను. ఆ సాయంత్రమే దాన్ని ట్రంకుపెట్టె అడుగున పెట్టి, పైన పాత దుప్పట్లు కప్పాను. మళ్ళీ ఒక్క వాక్యం రాయలేదు. అచ్చయిన నవలను అన్నిటికంటే పై అరలో, గోడ వైపుకు నెట్టి, ఆ వైపు చూడడమే మానుకున్నాను. ఆమె పక్క బల్ల దగ్గర కూర్చుని, ఆమె డబ్బాలోని పనసపొట్టు కూర తిని, నవ్వుతూ తుళ్ళుతూ మాట్లాడి, లోలోపల ఆమెను ఒక్కనాడు కూడా క్షమించలేదు. ఈ సంగతి నా భార్య కుసుమకు కూడా తెలియదు. ఇది చదివే తెలుసుకుంటుంది.

ఈ సంచికలో అచ్చు వేయడానికి మంచి చీటీలు ఒక ఇరవై ఏరమని ప్రసన్న చెప్పింది. నేను తాత్సారం చేస్తుంటే తానే స్టూలు ఎక్కి పై అరలు దులిపి, ఒక పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"పాపారావు గారండీ, ఇదేంటండీ, దీనికి చీటీ కింద చీటీ ఉంది? మిగతా వాటికి ఒక్కొక్కటే కదండీ."

నా నవలే. వెనుక అట్ట లోపల నాలుగు చీటీలు. మొదటిది నాకు కంఠస్థం. దాని కింద 2004లో: "మళ్ళీ చదివాను. తండ్రి నిజమైన మనిషి. అప్పుడు తొందరపడ్డాను." 2013లో: "మూడోసారి. తండ్రి అంత నిజం కాదు. కొడుకే నిజం. ఉపన్యాసాలు అలాగే ఉన్నాయి." 2022లో: "నాలుగోసారి. ఏమీ తేల్చుకోలేకపోయాను." ఎదుటి కాగితం మీద తేదీ ముద్రలు కూడా నాలుగే. నాలుగుసార్లూ ఆ నవల తీసుకున్నది ఆమే. మరో పాఠకుడు దాన్ని ముట్టలేదు.

నా తల తిరిగింది. ఇది అభినందనా, అభిశంసనా? బాగోలేని పుస్తకాన్ని ఎవరైనా నాలుగుసార్లు చదువుతారా? బాగున్నదాన్ని అలా తిడతారా? వారం రోజులు అన్నం సహించలేదు. చివరకు ఒక సాయంత్రం, పత్రికలు చదివేవారు వెళ్ళిపోయాక, ఆ పుస్తకం ఆమె బల్ల మీద పెట్టాను.

"ఈ నవల బాగున్నట్టా, బాగోనట్టా అండీ?"

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది నాకూ తెలీటం లేదండి. తెలిస్తే నాలుగుసార్లు ఎందుకు చదువుతాను?"

"తండ్రి నిజమన్నారు, మళ్ళీ కాదన్నారు."

"మా నాన్నగారు చనిపోయిన ఏడాది నేను చదివితే, మీ తండ్రి అచ్చం మా నాన్నగారిలాగే కనిపించేరండి. తరవాత మా అబ్బాయి ఏడాదిపాటు నాతో మాట్లాడ్డం మానేసేడు. అప్పుడు చదివితే ఆ కొడుకు మీద జాలేసింది. పుస్తకం మారలేదండి. నేనే కుదురుగా లేను."

"మీ తండ్రి అన్నారేంటండీ?" అని అడిగాను.

"ఆయ్, మీదే కదండీ. దాత పేరు లేకుండా నమోదైన పుస్తకం ఇక్కడ ఇదొక్కటే, ఎక్కించింది మీరు. మొదటి రోజే తెలుసు."

"తెలిసీ మొద్దు అని రాసేరా?"

"తెలిసింది గనకే అబద్ధం రాయకూడదనుకున్నానండి. రాస్తే రెండోదీ ఇలాగే రాసేస్తారు కదా. రెండోది ఎప్పుడొస్తదా అని చూసేను. మలికిపురం వెళ్ళేక కూడా ఇక్కడి వాళ్ళు కనిపిస్తే అడిగేదాన్ని. రాలేదు. ఇంకేం చేస్తానండీ, ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను."

ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గో, సంతోషమో, కోపమో ఇప్పటికీ తేల్చి చెప్పలేను. కోపం ఉంటే అది నా మీదే. ఒక్క చీటీ చదివి ఒక మనిషి మొత్తం ఇంతేనని తీర్మానించుకున్న ఘనుణ్ణి నేను. ఇదంతా సంచికలో రాయవచ్చా అని అడిగితే, "నిజమైతే రాయండి. ఉపన్యాసం మాత్రం ఇవ్వకండి" అన్నారు. ఇచ్చానో లేదో వారే చెప్పాలి.

ఇంటికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాను. ముప్పయి పుటలు చెదలు తినేశాయి. మిగిలినవి చదివితే ఆమె అన్నది అక్షరసత్యమని తేలింది, అన్నీ ఉపన్యాసాలే. పక్కన పెట్టి, మళ్ళీ ఒక తండ్రీకొడుకుల కథే కొత్తగా మొదలుపెట్టాను. ఇప్పుడు రెండో అధ్యాయంలో ఉన్నాను, నా నడక ఎంత నిదానమో తోటి ఉద్యోగులందరికీ విదితమే.

కనుక సత్యవేణి గారు, మస్కట్‌లో ఉద్యోగం ముగించుకుని వచ్చిన వారి భర్త అప్పారావు గారితోను, పిల్లలతోను, నిండు ఆరోగ్యంతో, చెక్కుచెదరని కంటిచూపుతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. ఇందులో నా స్వార్థం ఉందని దాచను. ఈ నవల పూర్తయ్యేసరికి ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు, బాగుంటుందో లేదో అసలే తెలియదు. ఆమె దాన్ని మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదివి, కొడుకు ఇంకా మొద్దుగానే ఉంటే మొద్దు అనే రాయాలి. నేను ఈసారి రాయడం మానను.