వాళ్లకెంత వచ్చింది?

ఏ ల్యాబు లెక్క సరైనదో తేల్చడానికి అన్ని ల్యాబులకూ ఒకే రక్తం పంచి పెట్టిన పరీక్ష అది. జూబ్లీ హిల్స్ ల్యాబులో డాక్టర్ ఫిలోమినాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ రక్తంలో షుగర్ పొద్దున నూట ఎనభై వచ్చింది, కొత్త కిట్‌తో చూస్తే నూట ఇరవై.

“టోలిచౌకి ల్యాబుకి ఫోన్ చెయ్యి. వాళ్లకెంత వచ్చిందో అడుగు.”

“ఒకరినొకరు అడగొద్దు గదా మేడమ్?” టెక్నీషియన్ నసిగాడు.

“రూల్సు నాకు తెలుసయ్యా!”

“పొద్దున వాళ్లే చేసిండ్రు మేడమ్, మనకెంతొచ్చిందని.”

“చెప్పేశావా?”

“నూట ఎనభై అన్న.”

“ఖర్మ! వాళ్లకెంతట?”

“నూట ఇరవై.”

“హమ్మయ్య! అయితే మనదీ వాళ్లదీ ఒకటే. పంపించెయ్.”

“ఒకటి కాదు మేడమ్. జూబ్లీ హిల్స్ పెద్ద ల్యాబు తప్పు చెప్తదా అని, నూట ఎనభైకి దిద్ది పంపేసిండ్రు.”