ఇన్నాసి సామి మింగిన మాట

ఇన్నాసి సామి అని మా ఊరి సిలువ గుడికి గురువు ఉండె. మంచోడంటే మంచోడు. ఆ మాట ముందే చెప్తాండా, ఎందుకంటే కత అయ్యేసరికి మీరు ఆయన్ని తిట్టుకుంటారు. అప్పుట్లో మా ఎర్రగుట్ట పాళెగానికీ, ఏటికి ఆపక్క కోనపాళెం తిమ్మానాయునికీ మూడేండ్లుగా యుద్ధమంట. మొదుటి ఏడు మా పాళెగాడు గుడికొచ్చి, సామీ, ఫిరంగి పోయించల్ల, కంచు సాల్లేదు, మీ గంట ఇయ్యి అన్నాడంట. ఊరిని కాపాడేదే గదా అని సామి ఇచ్చేసినాడు. ఇచ్చేది ఇచ్చి, ఆ ఫిరంగి మీద తీర్థం గూడా చల్లినాడంట. తీర్థం ఎందుకు చల్లల్ల చెప్పు!

మూడో ఏడు ఏమైందంటే, శౌరమ్మ అని మొగుడు పోయిన మనిషి, ఆమెకు ఒక్కడే కొడుకు చిన్నప్ప, వాడు ఏటికాడ తిమ్మానాయుని మనుషులకు దొరికిపాయె. ఉరి తీస్తామన్నారంట. శౌరమ్మ వచ్చి సామి కాళ్ళ మీద పడింది. సామి సిలువ పట్టుకోని ఒక్కడే ఏరు దాటి పోయినాడు. గురువు గదా, ఎవురూ ఈటె ఎత్తలేదు. తిమ్మానాయుడు గూడా యుద్ధంతో యిసిగిపోయి ఉండాడనుకో. సరే సామీ, మీ పాళెగాడు రాజీ అంటే నాకూ రాజీనే, పిల్లోన్ని ఇడిసిపెడ్తా. అయితే పొద్దుగూకితే నా మనుషులు ఆగరు, నువ్వు మళ్ళీ నడిసొచ్చేసరికి ఆలస్యమైతాది. యుద్ధమని మీరు గుడి గంట కొట్టేది మానేసినట్టుండారు, ఆ గంట మా ఊరి దాకా ఇనపడేది. అది మోగించు, మోగితే రాజీ, లేకపోతే ఉరి అన్నాడంట.

ఇప్పుడు ఒక్క మాట. గంట లేదు నాయనా, ఫిరంగికి ఇచ్చేసినా అంటే అయిపోతాండె. గుట్ట మీద పొగ పెడతానన్నా సరిపోతాండె. కానీ ఆ ఫిరంగి దెబ్బకు కూలిన గోడలు ఎదురుగానే ఉండాయి, ఆ ఊరోళ్ళంతా సూస్తాండారు. సామికి సిగ్గేసింది. అట్లే నాయనా, మోగిస్తా అనేసినాడు. ఏదో ఒక దారి దొరుకుతాదిలే అనుకున్నాడంట దోవలో.

వచ్చి మా పాళెగాన్ని బతిమాలీ బతిమాలీ ఒప్పించేసరికి పొద్దు కొండ మీదికి పొయ్యింది. గంట యాడుంది? ఊరంతా ఇండ్లలో కంచాలు, తప్పెట్లు తెచ్చి కొట్టినారంట. గాలి ఎదురుగా ఉండె, ఆ సద్దు ఏరు గూడా దాటలేదు. ముసలాయన పరిగెత్తినాడు, ఏట్లో పడినాడు, లేసినాడు, మళ్ళా పరిగెత్తినాడు. పోయేసరికి చిన్నప్పను చెట్టు మీద నుంచి దించుతాండారు. తిమ్మానాయుడు తల పట్టుకోని, చెవులు ఇటుపక్కే పెట్టుకోని కూసుంటిమి గదా సామీ, మోగకపాయనే అన్నాడంట.

రాజీ అయిందిలే, ఆ శవం ముందరే. సామి శౌరమ్మ గడపకాడ కూసోని, అందురూ ఇనేటట్టు జరిగిందంతా చెప్పుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఈ మాట ఆడ చెప్పింటే నా కొడుకు ఉంటాండె గదా సామీ, అని మాత్రం అనింది.

ఏమోబ్బా, ఊరందరి పాపాలు చెవిలో చెప్పించుకునే మనిషి, తనది ఒక్కటి చెప్పాల్సిన చోట చెప్పలేకపాయె. ఆయన్ని అంటాం గానీ, పగోని ఊర్లో, అంతమంది ముందర, నేనైతే చెప్పిండను. మీరు చెప్పింటారా? సూడు, ఒక్కరన్నా తలకాయ ఎత్తుతాండారేమో.