నడిమి ఎముక

హలో… ఆఁ, నానే వదినా, అప్పలసూరిని… నీ మరిదిని. ఇశాపట్నం పెద్దాసుపత్రి నుంచి…

హలో… హలో… ఇనిపిస్తందా? గట్టిగా మాటాడు. రేవులో కేకేసినట్టు మాటాడు. నీ గొంతు దోమ పాడినట్టుంది ఇక్కడికి…

గొట్టం తిరగేసి పట్టుకున్నావేమో సూడు… తీగున్న కొస నోటి కాడికి రావాల. పోస్టుమాస్టరు బాబుని అడుగు, సూపిస్తారు…

—

ఆఁ! ఇప్పుడు బాగుంది. నీ ఊపిరి కూడా ఇనిపిస్తంది.

నేదు నేదు… పోనేదు. అలగనకు. బతికే ఉన్నాడు అన్నియ్య. ఫోనొచ్చిందంటే సావుకబురేనేటి?… ఊరుకో. ఏడుపాపు… ఏడుపు కాదా? దగ్గా? సరే, దగ్గే. దగ్గీసి రా, ఉంటాను. కానీ ఇది ట్రంకాలు వదినా, మద్దిలో ఆ ఎక్సేంజీ అమ్మాయి "టైమయింది" అంటాది. పొద్దున్న బుక్ సేసి, ఇప్పటిదాకా ఈ బల్ల కాడే కూకున్నాను.

మూతి సంగతా?… అలగే ఉన్నాది. కుడేపు పడిపోనాది. కన్ను మూతబడదు. గంజి తాగితే ఓ పక్క నుంచి కారిపోతంది. లేసి నిలబెడితే అలల మీదున్నట్టు తూలిపోతన్నాడు… గాలి సోకడం కాదు వదినా. ఆ మాట ఇక్కడ సెప్తే నర్సమ్మ కసిరీసినాది నన్ను… పోలమ్మ తల్లికి మొక్కుకో, మొక్కొద్దనడం నేదు. కానీ ఇదంతా సెవిలోంచి వచ్చినాది.

సెవే. సిన్నప్పట్నుంచీ సీము కారతాదే, ఆ సెవే.

ఇను. డాకటేరుగారు బొమ్మేసి మరీ సెప్పినారు నాకు. ఇది నువ్వు ఇనితీరాల. నిన్ను పిలిపించింది దీని కోసరమే.

సెవి లోపలికెల్తే డప్పు తోలులాగ ఓ పొరుంటాదంట. మాట తగిల్తే అదురుతాది. దానెనకాల సిన్న గది. ఆ గదిలో మూడెముకలు, ఒకదానికొకటి ఆనుకోని… మూడే. మనిసి ఒంట్లో వాటికన్నా సిన్నెముకలు నేవంట. మొదటిది కమ్మరోడి సుత్తిలాగుంటాది. రెండోది దాగలి… అదే, సుత్తి కింద ఇనప దిమ్మ ఉంటాది కాదేటి, అలాంటిది. మూడోది గుర్రమెక్కినోడు కాలెట్టుకునే రికాబు. అదైతే నూకగింజంత… నవ్వకు. నాను కళ్ళారా సూసినాను, సీసాలో ఎట్టి ఉంచినారు. ఎవులివో పాపం.

ఏటి సేస్తాయంటావా? పొరదిరితే సుత్తి కదుల్తాది. సుత్తి దాగలిని నెడతాది, దాగలి రికాబుని నెడతాది, ఆ రికాబెల్లి ఓ సిన్న కిటికీ మీద తడతాది. కిటికీ అవతల ఏటున్నాదో తెలుసా వదినా?

నీళ్ళు.

నీళ్ళే! నానూ నీలాగే నోరెల్లబెట్టినాను… మరి నువ్వే సెప్పు. ఒడ్డు మీద నించోని ఎంత అరిసినా నీళ్ళ కింద సేపకి ఇనిపిస్తాదా? ఇనిపించదు. గాలిలో మాట నీళ్ళ మీద పడి ఎనక్కి ఎల్లిపోతాది. ఆ మాటని నీళ్ళలోకి దింపడానికే ఆ మూడూ ఉన్నాయి. ఒడ్డు మీద ఉప్పు బస్తాని ముగ్గురు మనుసులు సేతులు మార్చి పడవలోకి దింపినట్టు. నడిమోడు నేకపోతే?…

ఆఁ. అదీ. బస్తా ఒడ్డు మీదే ఉండిపోతాది.

అన్నియ్య నడిమెముకని సీము తినేసినాది. రెండు సెవుల్లోనూ.

ఎప్పుడంటే ఏటి సెప్తాం? సెదలు దూలాన్ని తిన్నట్టు ఏళ్ళు పట్టి తింటాదంట. కారతంది కదా, సెడంతా బయటికి పోతందిలే అనుకున్నాం మనం. కాకరాకు పసరు పోసినాం. ఏడి నూనె పోసినాం. మీయమ్మ ఏదో పోసినాది… తప్పెట్టడం నేదు, మీయమ్మని నానేటీ అననేదు! మాయమ్మ కూడా పోసినాది. సాలా?

—

అదే! అచ్చంగా నువ్వడిగిన మాటే నానూ అడిగినాను డాకటేరుగార్ని. మరి సేపల కూతెలగ ఇన్నాడు బాబూ అని.

ఆయనకి తెలీదు కదా మరి, మొదలంతా సెప్పుకొచ్చినాను. మావోడు తండేలండీ, తెప్పకి పెద్దండీ, ముందు కూకోని తెడ్డు నీళ్ళలోకి దించి, పిడిని సెవెనకాల ఎముక్కి ఆనించి కళ్ళు మూసుకుంటాడండీ, కింద గొరక సేపల గుంపు కప్పల్లాగ కూస్తంటే "ఇటు… ఇటెయ్యండి వల" అంటాడండీ, కళింగపట్నం రేవు మొత్తానికి అలాంటోడు ఇంకోడు నేడండీ అని. ఆయన కలం కింద ఎట్టీసి, కుర్సీ ఇంత దగ్గరకి లాక్కున్నారు.

రెండు కొమ్ముల ఇనప పుల్లొకటి ఉన్నాది ఆయన కాడ. దాన్ని మోకాలికేసి కొట్టి, సెవి ముందెట్టినారు. "ఇనిపిస్తందా?" అన్నియ్య నేదన్నాడు. దాని కాడని సెవెనకాల ఎముక మీద ఆనించినారు. "ఆఁ, మోగతంది" అన్నాడు. నిబ్బరంగా అన్నాడు.

ఎందుకంటే… ఎముక మీంచి పోయే సప్పుడికి ఆ ముగ్గురు మోసేవోళ్ళతో పని నేదు వదినా. ఎముకే తిన్నగా నీళ్ళలోకి దింపీస్తాది. తెడ్డూ అంతే.

అందుకే ఆడికి సేప ఇనిపించినాది. నువ్వు ఇనిపించనేదు.

ఊరంతా ఏటన్నాది? నీళ్ళ అడుగున సేప గుసగుస ఇన్నోడికి ఎదురుగున్న పెళ్ళాం కేక ఇనిపించదేటి, అంతా నటన, అన్నారు. "గంగులు సెవికి కూర్మమ్మ మాటొకటే పడదురా" అని రేవులో పరాసకాలు. నానూ నవ్వినాను. ఆడికేదో జబ్బున్నాదని ఒక్కరికీ తట్టనేదు. ఆ తెడ్డే మనందరి కళ్ళూ కప్పీసినాది.

—

వదినా?… ఉన్నావా?

తెలుసు. ఆ రోజు మాట ఎత్తకూడదు. కానీ ఎత్తకపోతే ఎలగ? పిల్లకి వాంతులు, కళ్ళు తేలేసినాది. సిక్కోలు ఆసుపత్రికి తీసికెల్దాం రమ్మని ఇసకలో పడి పరిగెట్టి కేకేసినావు. తెప్ప అప్పుడే కెరటం దాటతంది. ఆడు తిరగనేదు. నువ్వొక్కర్తివీ పిల్లని సంకనేసుకోని… బస్సులోనే…

సరే. సరే, ఆపీసినాను.

మద్దేనం ఏలకి తెప్ప నిండా గొరకలతో వచ్చినాడు. ఆ రోజు కాణ్ణుంచీ నువ్వు ఆడితో మాటాడనేదు. కంచం ముందెట్టి అవతలికెల్లిపోతావు. నిన్నననేదు వదినా… ఎవులైనా అలగే సేస్తారు. కానీ ఇప్పుడు తెలిసినాది కదా. ఇని ఎల్లిపోనేదు ఆడు. ఆడికి ఇనిపించే దారే నేదు.

—

—

ఏడు. ఇప్పుడు ఏడిసినా పరవానేదు…

ఎవులు?… ఆఁ, పొడిగించండమ్మా! పొడిగించండి, దణ్ణమెడతాను, కొయ్యకండి…

వదినా, కళ్ళు తుడుసుకోని ఇను. సీము ఇప్పుడు పైకి తింటంది. సెవికీ మెదడుకీ మద్దిలో గుడ్డుపెంకులాంటి ఎముకుంటాదంట, పల్సగా. అది దాటిందంటే… ఆఁ. అంతే మరి. రేపు పొద్దున్న కోసి, ఆ గదంతా గోకి సుబ్బరం సేస్తామంటన్నారు. మిగిల్న ఎముకలు కూడా తీసీడమే… రాదు. ఆ సెవి ఇంక రాదు. మూతి తిన్నగవుతాదో నేదో సెప్పనేమన్నారు. సెవిలోకి నీటిబొట్టు ఎల్లకూడదంట జన్మలో… సముద్రమా? సముద్రం మాట మరిసిపోమన్నారు.

పేణం కోసరమే వదినా కొయ్యడం. దానిక్కూడా మాటివ్వనేదు ఆయన. కొయ్యకపోతే మాత్రం దక్కడు, అది గట్టిగా సెప్పినారు.

ఆడు ఒప్పుకోడం నేదు. కాగితం మీద ఏలిముద్రెయ్యమంటే సెయ్యి దుప్పట్లో దాసీసుకుంటన్నాడు. "తిననీ" అంటాడు. అదొక్కటే మాట. సెవిలో నోరెట్టి అరిసి అరిసి నా గొంతు బొంగురుపోనాది. నువ్వు సెప్పాల. నువ్వు సెప్తేనే ఏస్తాడు.

ఎలగంటే… నా పక్కనే ఉన్నాడు, ఈ కుర్సీలో. డాకటేరుగారి గది ఇది. ఈ గొట్టాన్ని ఎడం సెవెనకాల ఎముక మీద నొక్కి పడతాను, నువ్వు మాటాడు. ఇనిపించొచ్చు, ఎట్టి సూడమని ఆయనే సెప్పి ఎల్లినారు… ఏదో ఒకటి. కోపమైతే కోపం. ఏడాదై నీ గొంతు ఎరగడు వదినా…

పోస్టుమాస్టరు బాబు ఇంటన్నారా? కాసేపు గుమ్మంలోకి ఎల్లమను. మంచోరే, ఎల్తారు.

అన్నియ్యా! ఇటు తిరుగు… వదిన! వదినా!… ఆఁ, కూర్మమ్మే. నీ పెళ్ళామే. పోస్టాపీసు కాడికొచ్చినాది. ఇదుగో, ఇలగ… ఇంకా ఎనక్కి… ఆ బొడిపె మీద. నొక్కు.

మాటాడు వదినా!

—

అన్నియ్యా, ఇనిపిస్తందా?… తలూపితే సాలు… ఆఁ. ఆఁ!

—

—

ఏటంటంది? "తప్పు నాదే" అంటందా?… సూసినావా మరి. ఆవిడ నోట ఆ మాట ఎప్పుడైనా ఇన్నావా నువ్వు? మాటాడు, నువ్వూ మాటాడు. కింది కొస నీ నోటి కాడే ఉన్నాది.

—

ఏటది?… అన్నియ్యా, ఏటంటన్నావు నువ్వు?

ఆపు. ఇటియ్యి. ఇటియ్యి ఆ గొట్టం!

ఏటి సెప్పినావు ఆవిడికి?… సూసినావా? కొంగూపడం సూసినావా?… పిల్ల సంకనుండడం కూడా…

కేక ఇనిపించనేదు. మనిసి కనిపించినాది.

ఒక్క వలేసి తిరుగుదామనుకున్నావు… కింద గుంపు కూస్తందని. పిల్లకి అంత ముంచుకొచ్చిందనుకోనేదు…

అది ఇప్పుడా సెప్పడం? ఏడాది నోరు కట్టుకున్నోడివి, ఇంకో రోజు ఊరుకోనేకపోనావా! ఆవిడ సెమించేసినాది కదా…

ఇననేదనుకోని సెమించిందంటావా, సూసినావని తెలీక. అది పుచ్చుకోనేనంటావా.

దానికేటి నువ్వు "తిననీ" అన్నది? ఇదా?

వదినా… వదినా, ఉన్నావా? ఇను. ఆడికి జొరం. ఒడ్డు నుంచి సానా దూరం, ఎండ నీళ్ళ మీద కొట్టి కళ్ళు సెదురుతాయి, ఎవులు కొంగూపతన్నారో, ఎందుకూపతన్నారో… వదినా, ఒక్క మాట అను. ఏదైనా సరే.

—

—

ఎవులు?… పోస్టుమాస్టరు నారాయణమూర్తి బాబా? దణ్ణం బాబూ. ఆవిడేది?… బల్ల మీద ఎట్టీసి ఎల్లిపోనాదా? ఏటైనా అన్నాదా?… ఏటీ అననేదు.

ఎటెల్లినాది బాబూ? కొంచెం కిటికీలోంచి సూడండి. బస్సులాగే కాడికా?…

ఇంటేపు.

ఔనా. సరిగ్గా సూసినారా బాబూ… ఇంటేపే.

బాబూ, బాబూ, మీరు ఎట్టీకండి. ఆడు నాకేసే సూస్తన్నాడు. మీరేటీ మాటాడక్కరనేదు, ఊరికే పట్టుకోని ఉండండి…

ఆఁ, వదినా! ఉన్నాను, సెప్పు!… వత్తావా? రేపు ఆందాలవలసలో రైలెక్కుతావా?… అలగే. వాల్తేరు టేసనుకి నానొస్తాను… ఏలెయ్యమంటన్నావా? ఆఁ… జరిగిపోనాది, దాని మాట ఇంకెత్తకు అంటావా… పిల్ల ఎలాగూ రాదు, ఈ మనిసైనా మిగిల్తే సాలంటావా… సెప్తాను వదినా. నువ్వన్నది అన్నట్టే సెప్తాను…

అన్నియ్యా! ఇన్నావా? ఏలెయ్యమన్నాది. రేపు బయల్దేరి వస్తాదంట. మనసులో ఏటీ ఎట్టుకోవద్దన్నాది…

ఏటి నవ్వతావు?

ఆ మూతితో నవ్వకు అన్నియ్యా, సూడనేను.

… ఆవిడ అన్ని మాటలాడదంటావా.

—

ఎవులు?… నేదమ్మా. పొడిగించక్కరనేదు.

అవతల ఎవులూ నేరు. కోసీండి.