తీగ వెంట పోయిన పున్నమ్మ

పున్నమ్మ అని ఉంది, బస్టాండు కాడ ఇడ్లీ బండి పెట్టుకోని. మొగుడు మాలకొండయ్య లారీ మీద పోతాడు, నెలకి రెండు మాట్లు ఇల్లు చూస్తాడు, అంతే. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక్క చెల్లెలు, చెంచమ్మ. ఆ పిల్లకి పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. పిల్ల అంటున్నా గాని నలభై దాటినయ్యి అనుకో. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే పనికి పోతా, ఆడే ఒక గది తీసుకోని ఉంటది. పెళ్ళి చేసుకోలా. ఈ అక్కచెల్లెళ్ళకి చిన్నప్పటి నుంచి ఒక చేతుల భాష ఉందంట. ఏ బళ్ళోనూ నేర్పింది కాదు, వాళ్ళ నాయన చేలో ఇద్దరూ కలుపు తీసుకుంటా తీసుకుంటా పుట్టించుకున్నదే. ఆ భాష వాళ్ళ అమ్మకే సగం వచ్చేది కాదంట. అమ్మా పోయింది, నాయనా పోయాడు. సాయంత్రం ఆరయ్యిందంటే పున్నమ్మ బండి కడుక్కోని, మొహం కడుక్కోని, ఫోనుని గోడకి ఆనించి కూర్చునేది. అటు చెంచమ్మ, ఇటు పున్నమ్మ. గంటసేపు చేతులు, కళ్ళు, మూతి విరుపులు. నవ్వితే మాత్రం వీధి చివరిదాకా వినపడేది.

అప్పుడు పున్నమ్మా మొగుడూ ఉన్నది రాజ్యలక్ష్మి టీచరమ్మ ఇంట్లో, కింద గదిలో అద్దెకి. పైన టీచరమ్మ నెట్టు పెట్టించుకుంటే, ఆ మహాతల్లి దాని పాస్‌వర్డు పున్నమ్మకీ చెప్పింది. అది యాడినించి వచ్చిద్దో, ఎట్టా వచ్చిద్దో పున్నమ్మకేం తెలుసు. గాలీ వెలుతురూ వచ్చినట్టు వచ్చేది. ఏమైందంటే, టీచరమ్మ ఆ ఇల్లు పడగొట్టి మేడ కడతానంది. సరిగ్గా అప్పుడే తిప్ప వెనకాల కాలనీలో పున్నమ్మ ఇల్లు కూడా తయారైంది. సొంతిల్లు గదా, సంబరంగానే పాలు పొంగించుకుంది. ఆ సాయంత్రం ఆరింటికి ఫోను గోడకి ఆనించి కూర్చుంది. చెంచమ్మ మొహం వచ్చింది, చెయ్యి లేచింది, లేచిన చెయ్యి లేచినట్టే ఆగిపోయింది. తిప్ప అడ్డం కదా, సిగ్నలు సరిగ్గా రాదు. మీరూ నేనూ మాట్లాడుకునేటప్పుడు బొమ్మ ఆగిందనుకో, గొంతన్నా వినపడుద్ది. వాళ్ళకట్టా కాదు. చెయ్యి ఆగితే మాట ఆగినట్టే.

ఇక మూడో రోజు. చెంచమ్మ ఏదో తొందర తొందరగా చెప్తా ఉంది. పున్నమ్మకి కనపడింది ఏందంటే, చెంచమ్మ వేలు మెడ చుట్టూ పోతా పోతా గొంతు కాడ ఆగిపోయింది. మొహం ఎర్రగా ఉంది. అయ్యో, పిల్లకి గొంతు నొప్పల్లే ఉందే, జొరం కూడా వచ్చినట్టుందే అనుకుంది. వెంటనే, మిరియాల కషాయం వేడివేడిగా మింగు, అదే పోయిద్దిలే అని చేతులతో చెప్పింది. ఇటు నుంచి అటు ఎన్ని ముక్కలు పొయ్యినయ్యో ఎవరికి తెలుసు. చెంచమ్మ తల ఊపి, ఫోను పెట్టేసింది. మర్నాటి నుంచి ఫోను ఎత్తుద్ది, బాగున్నా అన్నట్టు తల ఊపుద్ది, పెట్టేసిద్ది. మొహం చూస్తే వడిలిన తోటకూర. ఊళ్ళోకి పొయ్యి చెయ్యొచ్చుగా, ఆడ సిగ్నలు ఉంటదిగా అంటావేమో. చేసింది. బస్టాండు కాడ నిలబడి చేస్తే, సినిమా వచ్చినట్టు నలుగురూ మూగి ఆ చేతుల్నే చూడబట్టిరి. చెంచమ్మ అది చూసి సిగ్గుపడి కట్ చేసింది. రాసి పంపడానికి ఇద్దరికీ చదువు రాదు. ఇంక పున్నమ్మ నిర్ణయం చేసుకుంది. రెండో ఆదివారానికల్లా నెట్టన్నా రావాల, నేనన్నా బండి మూసి వేటపాలెం బస్సెక్కాల.

కాలనీకి కొత్త కాపరాలు వస్తన్నాయంటే నెట్టు అమ్మేవాళ్ళు ఈగల్లే వస్తారు గదా. ముందొకాయన వచ్చాడు, ఇన్‌షర్టు చేసుకోని, మెళ్ళో కార్డు ఏలాడేసుకోని. పెద్ద కంపెనీ అంట. అమ్మా, మాకు తీగే అక్కర్లేదు, ఈ పెట్టె మీ కిటికీలో పెడితే ఆకాశంలోంచి వచ్చేసిద్ది అన్నాడు. పున్నమ్మ అడిగిందంట, బాబూ, సాయంత్రం ఆరింటికి చేతులు ఆగవు గదా అని. ఆయనకి అర్థం కాలా. చేతులేందమ్మా, మా స్పీడు చూడండి అని కాగితం తీశాడు. పున్నమ్మ కాగితం చూడలా. ఈ పెట్టె ఇంతకు ముందు ఎవరింట్లో పెట్టావో చెప్పు అంది. పక్కూరి కాలనీలో మీరాబీ అనే ఆవిడ ఇంట్లో పెట్టాడంట. పున్నమ్మ మర్నాడు ఆటో ఎక్కి ఆ మీరాబీ ఇంటికి పొయ్యి, ఆరింటికి ఆడ కూర్చుంది. చూడు ఆమె గుణం, ముక్కూ మొహం తెలియని ఇంటికి పొయ్యి, అమ్మా, నీ నెట్టు కాసేపు చూసిపోతా అని కూర్చుంది. మీరాబీ టీ కూడా పెట్టిచ్చింది. పొద్దున పూట బాగా వచ్చిద్దక్కా, సందేళ అందరూ ఇంటికి చేరతారా, ఇంక చూడు అంది. చూస్తే ఫోనులో సున్నా గిర్రున తిరగతానే ఉంది. టీ అయిపొయ్యింది, సున్నా మాత్రం ఆగలా. పున్నమ్మ గ్లాసు కడిగిచ్చి లేచొచ్చింది.

తర్వాత కేబుల్ బ్రహ్మయ్య. మనూరోడే. టీవీ తీగతోనే నెట్టూ ఇస్తాడు. అక్కా, పరాయోళ్ళని నమ్మాకు, నేను లేనా అన్నాడు. నీ తీగ యాడ మొదలయ్యిద్ది బ్రహ్మయ్యా అందంట పున్నమ్మ. నీకెందుకక్కా అయన్నీ, నీ ఇంటికి చేరిందా లేదా అన్నాడు. ఆ మాటతో పున్నమ్మని తెలుసుకోవాలనే పురుగు తొలవడం మొదలుపెట్టింది. చెప్పనంటే తెలుసుకోవాలనిపించిద్దా లేదా మీరే చెప్పండి. సాయంత్రం ఇడ్లీలు అయిపోగానే బండి మీద గోతం కప్పి, మెడ పైకెత్తి, బ్రహ్మయ్య తీగ వెంట నడవడం మొదలుపెట్టింది. స్తంభం నుంచి స్తంభానికి. ఆడ స్తంభం లేదు, తుమ్మ కొమ్మకి చీర పేలికతో కట్టాడు. ఈడ ఓబులేసు గొడ్ల సావిట్లో వాసానికి చుట్టాడు. పున్నమ్మ సావిట్లోకి దూరింది, పైకి చూసుకుంటా పోతా పేడలో కాలేసింది. ఏందమ్మే, ఏం పోగొట్టుకున్నావు అని ఓబులేసు అడిగితే, ఏం పోలేదన్నా, తీగ యాడికి పోతందో చూస్తన్నా అంది. ఆయన కూడా చూశాడు. నా సావిట్లో ఇది ఉందని నాకే తెలియదే అన్నాడంట. తీగ పొయ్యి పొయ్యి బియ్యం మిల్లు గోడకున్న పెట్టెలో దూరింది. పున్నమ్మ ఆడ నిలబడింది. నిలబడి ఉండంగానే ఆరయ్యింది, మిల్లాయన తాళాలేసుకుంటా మెయిన్ దించాడు. పెట్టెలో ఎర్ర దీపం ఆరిపొయ్యింది. ఇది మళ్ళా ఎప్పుడు వెలుగుద్దయ్యా అంటే, ఏడింటికి కాపలా మనిషి వచ్చి మెయిన్ లేపుతాడుగా, అప్పుడు అన్నాడు. బ్యాటరీ ఏదీ అంటే, అది చచ్చి ఏడాది అయ్యిందిలే అన్నాడు. ఆ గంటసేపూ ఊరంతా, పైనుంచే రాటల్లేదంట అనుకుంటా కూర్చుంటన్నారు, తెలుసా. పున్నమ్మకి కావల్సింది ఆ గంటే.

మూడో రకం దరిశి వైపు వాళ్ళది, చిన్న కంపెనీ. వాళ్ళ తీగ మనూరి దాకే ఉంది, కాలనీకి రాలా. ఆ తీగలు అతికే మనిషి ఆడమనిషి, సలోమి అని. ముప్పై ఏళ్ళుంటాయేమో, మొగుడు స్తంభాలెక్కుతాడు, ఈమె కింద కూర్చోని అతుకులేసిద్ది. మెయిన్ రోడ్డు కాడ ఆమె పని చేసుకుంటా ఉంటే పున్నమ్మ పొయ్యి పక్కన కూర్చుంది. అదే ప్రశ్న, అమ్మాయ్, నీ తీగ యాడ మొదలయ్యిద్ది. సలోమి తలెత్తి చూసి, నడుస్తావా అత్తా, చూపిస్తా అంది. అంతే, ఇద్దరూ నడిచారు. రోడ్డు మీద ఒక గది, దానికి బ్యాటరీలు రెండు వరసలు. కరెంటు పోతే ఎంతసేపు అంటే, నాలుగు గంటలత్తా, నిన్ననే చూశా అంది. తీగ తెగితే ఎవరొస్తారు అంటే, నేనే వస్తా, వానైతే తెల్లారి వస్తా అంది. అబద్ధం చెప్పలా చూడు, వానైతే తెల్లారి అంది. ఆ మాట పున్నమ్మకి నచ్చింది. సలోమి తీగ పైతోలు ఒలిచి లోపలిది చూపించిందంట. గాజు. తలవెంట్రుక మందం ఉంటదేమో. కొసన పెన్నులాంటిది పెట్టి నొక్కితే ఎర్రటి వెలుగు ఈ చివరి నుంచి ఆ చివరికి వచ్చి నిలబడింది. పున్నమ్మ చాలాసేపు చూసింది. ఇంత సందులోంచి మా చెల్లెలి చేతులు రెండూ పడతాయంటావా అని అడిగిందంట. సలోమి నవ్వలా. పడతాయత్తా, అని, ఒక్కటే చిక్కు, కాలనీకి తీగ లాగాలంటే పది ఇళ్ళు ఒప్పుకోవాల, ఒక్క ఇంటి కోసం మా వాళ్ళు స్తంభాలెయ్యరు అంది.

పది ఇళ్ళు. పున్నమ్మ ఇంటింటికీ తిరిగింది. సొంత గొడవ చెప్పకుండా ఎట్టా అడుగుద్ది. నా చెల్లెలికి చేతులే నోరు, ఆ నోరు మూతపడిందమ్మా అని చెప్పింది. కొందరికి పిల్లల చదువులు, ఒకామె మొగుడు దుబాయిలో. మీరాబీ సంగతి చెప్పింది, మిల్లు మెయిన్ సంగతి చెప్పింది, తన కంటితో చూసిందే చెప్పింది. తొమ్మిది అయినయ్యి. పదోది పడటల్లేదు. మిగిలింది ఎవరనుకున్నారు, బ్రహ్మయ్య సొంత చెల్లెలు వెంకాయమ్మ. పున్నమ్మ ఆ గడప ఎక్కడానికే వెనకాడిందంట. ఎక్కింది. వెంకాయమ్మ అంతా విని, అంటే రోజూ ఆరింటికి నా సీరియల్ ఆగేది మిల్లు మెయిన్ వల్లా, మా అన్న నాతో పైనుంచే రాదని ఒట్టేశాడే అంది. రాసుకో నా పేరు, అన్నకి మాత్రం నేనే చెప్తా, నువ్వు చెప్పాకు అంది. ఏం చెప్పిందో మనకి తెలియదు గాని, పండక్కి ఆ అన్న చెల్లెలికి చీర పెట్టలేదంట ఆ సంవత్సరం.

గడువు పెట్టుకున్న ఆదివారం రేపనగా శనివారం మజ్జాన్నానికి తీగ వచ్చింది. సలోమి పున్నమ్మ గడపలో చాప మీద కూర్చోని అతుకేసింది. పెట్టెలో పచ్చ దీపం వెలిగింది. ఆరయ్యింది. పున్నమ్మ ఫోను గోడకి ఆనించింది. చెంచమ్మ వచ్చింది. ఎంత తేటగా వచ్చిందంటే, గోళ్ళకి పట్టిన జీడి మరక కూడా కనపడతంది. ఎప్పటిలాగే తల ఊపి పెట్టెయ్యబోయింది. పున్నమ్మ, ఆగు, గొంతు నొప్పి తగ్గిందా అని అడిగింది. చెంచమ్మ అర్థం కానట్టు చూసింది. ఏం గొంతు నొప్పి అంది. అప్పుడు చెంచమ్మ వేలు మెడ చుట్టూ తిప్పింది, ఈసారి వేలు ఆగలా, చుట్టూ తిరిగొచ్చి గుండెల మీద మూడు మాట్లు ముడేసింది. తాళి. ఆ రోజు చెప్పింది అదక్కా అంది చేతులతో. మా బట్టీలో సాంబయ్య ఉన్నాడు, జీడిగింజలు కాలుస్తాడు, పెళ్ళాం పొయ్యి ఆరేళ్ళు. నన్ను చేసుకుంటా అన్నాడు. అక్కనడిగి చెప్తా అన్నా. నిన్నడిగితే నువ్వు, మింగు, అదే పోయిద్దిలే అన్నావు. సరే, మనసులోనే మింగేశా. ఆయనకి కూడా వద్దని చెప్పేశా అంది.

 పున్నమ్మకి చేతులు ఆడితేగా చెప్పడానికి, అయ్యే ఆడటల్లేదు. కాసేపటికి తేరుకోని, నేను కషాయం మింగమన్నానే పిచ్చిదానా అని చెప్పింది. చెంచమ్మ చూసింది, మళ్ళా చెప్పమంది, మళ్ళా చెప్పింది. అప్పుడు ఏడ్చిందో నవ్విందో, రెండూ అయ్యుంటాయి. మరి ఆయన ఏమన్నాడే నువ్వు వద్దంటే, అని పున్నమ్మ అడిగింది. ఏమీ అనలా, రోజూ ఈ టైముకి గుమ్మం బయట కూర్చోని పోతన్నాడు అంది. ఉన్నాడా ఇప్పుడు అంది పున్నమ్మ. చెంచమ్మ ఫోను పట్టుకోని గుమ్మంలోకి పొయ్యి తిప్పింది. బక్కపల్చటి మనిషి, చేతులకి మసి. ఆయనకి చెవులు బాగానే వినపడతాయి, నోరూ ఉంది. అయినా నోరు తెరవలా. లేచి నిలబడి, కుడి చేత్తో జడ లాగినట్టు చేసి, తల వంచాడు. చిన్నప్పుడు పున్నమ్మ చెల్లెలికి జడ లాగి లాగి అల్లేదంట, అందుకని చెంచమ్మ అక్కకి పెట్టిన గుర్తు అది. ఆ గుర్తు వాళ్ళిద్దరి చేతుల్లో తప్ప ఇంకో మనిషి చేతిలో పున్నమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలా. ఇంక అడగాల్సిందేముంది.

పెళ్ళి కాలనీలోనే, పున్నమ్మ ఇంటి ముందర చేశారు. నేనూ పొయ్యా. మాలకొండయ్య లారీ ఆపుకోని వచ్చాడు, మీరాబీ వచ్చింది, సలోమి మొగుణ్ణి తీసుకోని వచ్చింది. అంతమంది చుట్టాలం ఉన్నామా, పందిట్లో వాళ్ళు ముగ్గురూ చేతులు తిప్పుకుంటా ఒకటే మాటలు, ఒకటే నవ్వులు. నోరూ వాయీ ఉన్న మేమందరం ఏం అర్థంగాక మూగోళ్ళల్లే దిక్కులు చూస్తా నిలబడ్డాం. ఒక్క గుర్తు మాత్రం నాకు తెలిసింది లెండి, ఇస్తళ్ళేశారు, అన్నానికి రమ్మని. నాకది చాలు.