మంటల దఫ్తర్ల సల్ల

"అవ్వా, ఫోన్ల రికార్డు పెట్టిన. గా ఫైర్ స్టేషన్ సల్ల దుకాణం ఎట్లాయెనో మొదటి సంది సెప్పు."

పెట్టినవా? ఆగు, కొంగు సదురుకోనీ. ఏందీ, బొమ్మ రాదా? ఒట్టి మాటలేనా? గట్లయితె కొంగెట్లుంటె ఏంది. సరే, ఇను.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ దిక్కు పోతుంటె ఎర్ర షట్టర్లది ఉన్నది సూడు, మన మంటల దఫ్తర్. ఫైర్ స్టేషన్ అని మీరంటరు, మా కాలపోళ్ళకు మంటల దఫ్తరే. నేను కొత్త కోడలుగ ఈ ఊరికొచ్చిన ఏడాదే కట్టిన్రు. కాదు కాదు, అప్పటికి మీ నాయిన పుట్టిండు, సంకల ఉండె. ఇంజన్ అచ్చిన్నాడు ఊరంత పోయి సూసినం. మీ నాయిన గంట సప్పుడుకు దడుసుకోని నా కొత్త సీర ఖరాబు జేసిండు. దసరకు దానికి బంతిపూల దండలేసి, గుమ్మడికాయ కొట్టి, అందరికి కొబ్బరి పంచేది. గప్పుడు రూపాయి పెడితె కొబ్బరికాయ అచ్చేది బిడ్డ. ఇప్పుడు రూపాయికి దాని పీసు గూడ రాదు.

గా ఇంజన్ నడిపింది మన ఖాజా మియా. నీకు తెల్సుగద, తెల్ల గడ్డమాయిన, నిన్ను సూసినప్పుడల్ల "పఢాయీ ఎట్ల నడుస్తుంది బేటీ" అంటడు. ఆయిన రిటైరాయె. ఆ యెనకనే స్టేషన్‌ను రింగురోడ్డు దిక్కు కొత్త బిల్డింగులకు తీస్కపోయిన్రు. ఇది తాళమేసి ఇడిసిపెట్టిన్రు. గని ఖాజా మియా మాత్రం రోజు పొద్దుగాల అచ్చి షట్టర్ తుడుసుడు, అరుగు మీద కూసునుడు. "ఎందుకు మియా, ఇంజనే లేకపాయె" అంటె, "ఇంట్ల ఉంటె బేగం ఉల్లిగడ్డలు కోయమంటది అక్కా, మంటలే నయం" అనెటోడు.

ఇగ నా సంగతి ఇను. మన పొలాలన్ని ప్లాట్లాయె, విల్లాలాయె. నాకు మిగిలింది ఒక్క బర్రె. మీ నాయిన ఏమో "అమ్మా, నువ్వు కూసోని తిను, టీవీ సూడు" అంటడు. కూసుంటె నా మోకాళ్ళు పట్టుకుంటయ్. టీవీ సూస్తె నా తలకాయ పట్టుకుంటది. నేనేమన్న సామానా, ఓ మూలకు పెట్టనీకి? గందుకె మా సంఘం ఆడోళ్ళందరం కూడి, మున్సిపాలిటి సారు తాన్కి పోయినం. ఆ షెడ్డు మాకియ్యుండ్రి సారూ, సల్ల, మీరనే మజ్జిగ, జేసి అమ్ముకుంటం, ఎండల తిరిగేటోళ్ళకు దూపన్న తీరుతది అన్నం. సారు మంచోడే. "ఈ ఎండకాలం నడుపుండ్రి. నడిమిట్ల ఒకనాడు అచ్చి సూస్త. జనం వస్తున్నరంటె మీకే. లేకుంటె జిమ్ముకు అడుగుతున్నరు, ఆళ్ళకిస్త" అన్నడు.

జిమ్ముకు అడిగిందెవ్వరు? మీ చిన్నవ్వ నర్సమ్మ కొడుకు! నర్సమ్మ నాకు యారాలు గద, మీ తాత తమ్ముని పెండ్లాం. జిమ్మంటె ఏందో తెల్సా, పైసలిచ్చి ఇనుప గుండ్లు ఎత్తుడట. మేము జిందగంత పెండతట్టలెత్తినం, పైసలిచ్చినోడు లేడు.

నర్సమ్మకు నాకు మాటలు బందయి మస్తేండ్లాయె. ఎందుకంటవ్? గంజు! మీ నాయిన పెండ్లికి ఆమె పెద్ద గంజు అడిగి తెచ్చిన, పప్పు వండనీకి. తిరిగియ్యబోతె సొట్టపడ్డదని లొల్లి. సొట్ట ముందుగాల్నే ఉండె. నేను తెచ్చిన్నాడే సూసిన. నువ్వు నవ్వకు. సొట్ట ముందుగాల్నే ఉండె.

ఆ, ఏడున్నం? దుకాణం. షెడ్డంత కడిగినం, ముగ్గులేసినం. ఇంజన్ నిలబెట్టే జాగల సల్ల డ్రమ్ములు పెట్టినం. పైపులు ఆరేసే ఎత్తు గూడు ఉండె, దాంట్ల పాలగుడ్డలు ఆరేసినం. మస్తు జల్ది ఆరేటియి. బోర్డు మీద కొత్త రంగేసినం గని ఎండకు అది లేసిపోయి కింది 'ఫైర్ స్టేషన్' ఎర్ర అక్షరాలు మళ్ళ తేలినయ్. సరే ఉండనియ్ అనుకున్నం. సల్లల అల్లం, జీలకర్ర, కరివేపాకు, పచ్చిమిరపకాయ. నేను జేసిన సల్ల తాగితె సచ్చేటోడు గూడ లేసి ఇంకో గిలాస అడగాలె.

గని ఎవడు రాడు! తొవ్వెంబడి పోతరు, లోపటికి తొంగి సూస్తరు, పోతరు. ఎందుకో సమజ్ గాలె. ఆఖరికి ఎదురింటి లచ్చమ్మను పట్టుకోని అడిగిన. ఏమన్నదో తెల్సా? "అక్కా, నిన్న నేను మీ షెడ్డు ముంగట జరసేపు నిలవడ్డ గద. ఇంటికి పోయెటాలకు వాకిట్ల పదిమంది జమైన్రు, మీ ఇంట్ల ఏం కాలింది, ఏం కాలింది అని. మా ఆయిన పని ఇడిసిపెట్టి దూలపల్లి నుంచి ఉరికొచ్చిండు." సూడు మల్ల! ఊరోళ్ళు ఏండ్లకేండ్లు ఆడికి ఉరుక్కుంట పోవుడే గని నిమ్మళంగ నడుసుకుంట పోయిందే లేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు. మంటల దఫ్తర్ల సల్ల తాగినా ఇల్లు కాలిందనే అంటున్రు. పైంగ నర్సమ్మ, ఆ సల్ల డీజిల్ వాసనొస్తదని ఊరంత సెప్పింది.

మరి ఎవ్వరు రాలేదంటె గూడ అబద్ధమే. ఉరుక్కుంట వచ్చేటోళ్ళు ఇంక వస్తనే ఉండె. స్టేషన్ పోయి ఎన్నొద్దులాయె, అయిన గూడ కాలు ఇటే లాగుతది. ఒగాయిన ఉరికొచ్చి, పిల్లి సెట్టెక్కింది దించుండ్రి అన్నడు. ఇంగోళ్ళు దూడను తోల్కొచ్చిన్రు, దాని తలకాయ బిందెల ఇరికింది. ఖాజా మియా లేసి నిలవడి, కోసేద్దాం అన్నడు. బిందెనా, తలకాయనా అని ఆ దూడ యజమాని ఏడుపు. నేను సెవులకు, మెడకు ఇంత యెన్న రాసి గుంజిన, బులుక్కున ఊడొచ్చింది. ఆ దూడ మల్ల పోదు! యెన్న రుచి మరిగి నా కొంగు నాక్కుంట ఆడనే నిలవడ్డది. పని గాంగనే అందరు ఉరుక్కుంటనే పోయిన్రు. ఒక్కడన్న కూసోని గిలాస సల్ల తాగితె ఒట్టు.

నాకు భయమాయె బిడ్డ. నిజం సెప్తున్న, భయమాయె. ఈ దుకాణం పోతె నేను మళ్ళ మీ టీవీ ముంగట కూసోవాలె గద.

ఇగ సారు వస్తనన్న దినం రానే వచ్చింది. మేము పొద్దుగాల్నే తెప్పిచ్చిన ట్యాంకరు నీళ్ళన్ని పోసి డ్రమ్ములకు డ్రమ్ములు సల్ల జేసినం. సుట్టాలను, పక్కాలను బతిమిలాడి, మధ్యానం అచ్చి తాగుండ్రి, జనం లెక్క కనవడుండ్రి అని సెప్పిపెట్టినం. బోరు మోటరుకు కరెంటు లేదు. సంపు అడుగంటింది. అయితేంది, సల్ల ఉన్నది సాలు అనుకున్నం.

గప్పుడు ఉరికొచ్చింది. ఎవ్వరనుకుంటున్నవ్? నర్సమ్మ! ఎంటికెలు ఇరబోసుకోని, ఆయాసపడుకుంట షెడ్డు లోపటికి అచ్చింది. నన్ను సూసింది. నోరు మూస్కున్నది. మాటలు బందు గద! పక్కకు తిరిగి గోడతోని సెప్తాంది: "ఎవరన్న ఇంటున్నరా? మా గడ్డివామి అంటుకున్నది!" వాకిట్ల సెత్తకు అగ్గి పెట్టిందట, గాలి లేసిందట. నేనేమన్న తక్కువనా, నేను గూడ గోడతోనే అన్న: "ఓ గోడా, ఫోన్ జేసిన్రా లేదా అడుగు." "జేసినమని సెప్పు. ఇంజన్ సుట్టు తిరిగి రావాల్నట." "ఓ గోడా, బర్రెలు ఇడిసిపెట్టిన్రా?" గోడకు తల ఆనిచ్చి ఏడుసుడు షురూ జేసింది. కట్టేసే ఉన్నయట. మంట దగ్గరికి పోరాకుంటున్నదట.

ఖాజా మియా లేసి సంపు మూత తీసిండు. నీళ్ళు లేవు. అందరు డ్రమ్ముల దిక్కు సూసిన్రు. ఆ యెనక నా దిక్కు సూసిన్రు. సారు వచ్చే యాళ్ళ! గని ఆ బర్రెల మొఖాలు యాదికొచ్చినయ్ బిడ్డ. యారాండ్ల పంచాది బర్రెకేం తెల్సు? "ఎత్తుండ్రి డ్రమ్ములు" అన్న.

మాకు పాలు తెచ్చే ట్రాలీ ఆటో బయట ఉండె. దాని డ్రైవరు తినపోయిండు. ఖాజా మియా ఎక్కి కూసున్నడు. స్టేషనోళ్ళు ఇడిసిపెట్టిపోయిన పాత ఇంజన్ గంట ఉండె, అది నా సేతికిచ్చి, "అక్కా, నువ్వు కొట్టు" అన్నడు. ఇగ సూడు, ముంగట ఖాజా మియా "హటో హటో" అని మొత్తుకునుడు, యెనక డ్రమ్ముల మీద నేను గంట కొట్టుడు, తొవ్వంత సల్ల సిందుడు, ఊరి కుక్కలన్ని నాక్కుంట మా యెంబడి వచ్చుడు. నర్సమ్మ గూడ డ్రమ్ము పట్టుకోని నా పక్కనే కూసున్నది. నా దిక్కు సూస్తలేదు, డ్రమ్ముతోని "జల్ది, జల్ది" అంటున్నది.

పోయెటాలకు మంట మస్తు లేసింది. మా ఆడోళ్ళు బకెట్లతోని సల్ల గుమ్మరిచ్చుడు షురూ జేసిన్రు. ఖాజా మియా తాన మంట మీదికి నీళ్ళు సిమ్మే ఇత్తడి చేతిపంపు ఒకటుండె, పాతది. ముక్కు తిప్పి కొట్టబోతె ఒక్క సుక్క రాదు. కరివేపాకు అడ్డంబడ్డది! ఏమైందని దాంట్లకు తొంగి సూసిండు. గప్పుడే అచ్చింది సల్ల, మిరపకాయతో సహ. కండ్లు మూసుకోని "యా అల్లా" అని ఒర్రుకుంట గూడ పంపు ఇడిసిపెట్టలె, మంట దిక్కే కొట్టిండు. గడ్డమంత తెల్లగాయె. మొదాలే తెల్లదనుకో. ఇంతల పక్కింటి ముసలాయిన గోడ మీదికెల్లి, "నాకో గిలాస పోయుండ్రమ్మా, దూపైతాంది" అంటడు! ఇల్లు కాలి ఒగడేడుస్తుంటె సుట్టకు అగ్గి అడిగినట్టు.

నేను మెల్లగ దొడ్లెకు పోయి బర్రెల తాళ్ళు కోసేసిన. సగం వామి పాయె గని బర్రెలు దక్కినయ్, ఇల్లు దక్కింది. ఇగ అగ్గి సల్లారినంక అచ్చింది కొత్త ఇంజన్. పాత తొవ్వకు అడ్డంగ విల్లాలు కట్టిన్రు గద, గేటు కాడ వాచుమన్ ఆపి "ఏ విల్లాకు పోవాలె సార్" అని అడిగిండట! ఆళ్ళు దిగి వాసన సూసి, "ఏం పోసిన్రమ్మా, జీలకర్ర ఘాటు కొడ్తాంది" అన్నరు. మిగిలిన నిప్పుల మీద ఆళ్ళు నీళ్ళు కొట్టిన్రు.

మేము మసిమొఖాలతోని షెడ్డుకు తిరిగొచ్చినం. సారు కూసోని ఉన్నడు. పిలిచిన జనమంత మంట కాడనే ఉన్నరు, సల్ల లేదు, డ్రమ్ములు ఖాళీ. నర్సమ్మ కొడుకు గూడ టేపు పట్టుకోని గోడలు కొలుస్తున్నడు, ఆనికి ఇంటి సంగతే తెల్వదు! సారు అడిగిండు, "మజ్జిగ ఏదమ్మా?" ఖాళీ డ్రమ్ము ఒరగేసి సూపిచ్చిన. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్.

యెనకనుంచి నర్సమ్మ అచ్చింది. ముందుగాల కొడుకు సేతిల టేపు గుంజుకున్నది. "సారూ, సల్ల యాడుందో నేను సూపిస్త రా" అని, ఆయిన సెయ్యి పట్టుకోనంత పని జేసి తోల్కపోయింది. సారు పోయి సూస్తె, కాలంగ మిగిలిన గడ్డి, దాని మీద తెల్లగ సల్ల, సుట్టు బర్రెలు నిలవడి పెరుగన్నం తిన్నట్టు నిమ్మళంగ తింటున్నయ్. సారు, "జనం వస్తరో లేదో గని, గిరాకీ ఐతే బాగనే ఉంది" అని ఒకటే నవ్వుడు. "నడుపుకోండమ్మా" అన్నడు. గంతే.

తెల్లారి దుకాణం తెరుస్తుంటె నర్సమ్మ నిలవడి ఉన్నది. సేతులు యెనకకు పెట్టుకోని, ఊకె దిక్కులు సూస్తాంది. సల్లకొచ్చి ముంత దాసినట్టు. ముంత గాదు లే, యెనక దాసింది గా పెద్ద గంజు. ఇన్నేండ్ల సంది నాతోని మాట్లాడనిది, నా మొఖం దిక్కు సూసి మొదటి మాట ఏమన్నదో తెల్సా?

"సల్లల ఉప్పు ఎక్కువేసినవ్. రాత్రంత నా బర్రెలు నీళ్ళు తాగుడే తాగుడు."

నాకు నవ్వాగలె బిడ్డ, ఏడుపు గూడ ఆగలె. గంజు తీస్కోని సల్ల నింపిన. ఆమె దాన్ని ఇంటికి తీస్కపోలె, ఆడనే పీటేస్కోని కూసున్నది, అందరికి తనే పోసుడు షురూ జేసింది. డీజిల్ వాసనన్న మనిషే పోస్తుంటె, ఇగ ఊరంత నిమ్మళంగ నడుసుకుంటనే వస్తున్నరు. ఏం కాలింది అని ఎవరన్న అడిగితె, కడుపు కాలింది, సల్ల పొయ్యి అంటరు. పిల్లి సెట్టెక్కితె గూడ మా తాన్కే వస్తరు, అది వేరే ముచ్చట.

గంజు దుకాణంలనే ఉన్నది. నువ్వు పోయి సూడు, అంచుకు సొట్ట కనవడ్తది. మొన్న నర్సమ్మ దాన్ని కడుక్కుంట, అక్కా, ఈ సొట్ట ముందుగాల్నే ఉండెనేమో లే, అన్నది. అన్నదా లేదా, నువ్వే పోయి అడుగు. ఇగ గా ఫోను బందు పెట్టు, బర్రె ఒర్రుతాంది. లే, గిలాస తెచ్చుకో. సల్లగ బతుకు బిడ్డ, నీ ఇంటికి అగ్గి పొయ్యిలనే ఉండాలె, నీ తోటోళ్ళతోని మాట బందు కావద్దు...