భావి నాయకుడి ఎంపిక

విశ్వవిద్యాలయంలో పరీక్షల పనంతా నెత్తిన వేసుకుని మోస్తున్న లెక్చరరు, శాఖాధిపతి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆయన కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

“భావి నాయకుల శిక్షణకి ఈసారీ నా పేరు పంపలేదట సార్?”

“నువ్వెళ్తే పరీక్షలు ఎవరు చూస్తారమ్మా? నువ్వు లేకపోతే ఈ డిపార్ట్‌మెంటు ఒక్కరోజు నడుస్తుందా, నువ్వే చెప్పు!”

“మరి ఎవర్ని పంపుతున్నారు?”

“మన నిద్రమొహాన్ని.”

“క్లాసులో పిల్లలకన్నా ముందు ఆయనే కునుకు తీస్తాడు కదా సార్!”

“అందుకేగా పంపేది! నెలరోజులు కనబడకపోయినా ఇక్కడ ఎవరికీ తెలీదు.”

“పోయినసారి ఆ తగువులమారిని పంపారు.”

“అబ్బ, ఆ నెలంతా ఎంత ప్రశాంతంగా ఉందో!”

“తిరిగొచ్చి డీన్ అయి కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన గుమ్మం ముందు మీరే పడిగాపులు కాస్తున్నారు.”

“ఏం చేస్తాం, ఖర్మ! నీలాంటి పనిమంతుల్ని వదులుకోలేం కదా. నీ విలువ నాకు తెలుసమ్మా.”

“మీరూ ఆ శిక్షణకి వెళ్లొచ్చినవారే కదా సార్?”

ఆయన గోడమీద పటం కట్టించిన సర్టిఫికెట్టు వైపు మురిపెంగా చూశాడు.

“మొదటి బ్యాచ్! మా హెడ్డుగారు పట్టుబట్టి మరీ పంపారు. ‘నువ్వు లేకపోయినా ఇక్కడేమీ ఆగిపోదు, నిశ్చింతగా వెళ్లిరా’ అని దగ్గరుండి బస్సెక్కించారు...”

చివరి మాట దగ్గర ఆయన చూపు సర్టిఫికెట్టు మీంచి కిందికి జారింది.

“ఆయనకీ మీ విలువ బాగా తెలుసన్నమాట,” అంటూ ఆమె లేచింది.